గాసి ఎల్లిన వేట

ఏటే గుంటా, సెంటు గాని కొట్టుకున్నావేటి? కాస్త దూరంగా కూకో. తిట్టడం నేదే, ఆ వాసన నాకు పడదు. నారింజ పువ్వుది కదా? మరేటనుకున్నావు, కళ్ళు పోనాయి గానీ ముక్కు పోనేదు నాకు. ఈ పెరట్లోనే ఆ సెంటు తయారు సేసీవోరు ఒకప్పుడు, తెలుసా? మీ తాతకి తమ్ముడు ఉండీవోడు, జగన్నాథరావని. మీ నాన్నకి కూడా సరిగ్గా తెలీదులే, ఫొటో అన్నా నేదు. కూకో సెప్తాను. ఆ సింతపండు ఇలాగియ్యి, గింజలు తీసుకుంటా సెప్తాను. ఊరికే కూకుని మాటాడ్డం సేతకాదు నాకు.

మన్నెంలో తెల్లోళ్ళ మీద పితూరీ అణిగిపోనాక ఏడాదో రెండేళ్ళో గడిసుంటాది. నాను కొత్తగా కాపరానికొచ్చినాను. శృంగవరపుకోట నుంచి ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కి రావాలప్పుడు, ఇప్పటిలాగ బస్సులూ రైళ్ళూ ఎక్కడివి? కొండజొరం తగిలి సచ్చిపోతానని మా అమ్మ బండి ఎనకాల ఏడుసుకుంటా వొచ్చినాది. జొరం నన్నేటి సేసింది, సూడు, గుండ్రాయిలాగ ఉన్నాను. ఏటి సెప్తన్నాను? ఆఁ, మా మరిది. కలకత్తాలో సెంటు కార్ఖానాలో పని నేర్సుకుని వొచ్చీసినాడు. ఇక్కడ నిమ్మగడ్డి దొరుకుద్ది, కట్టెలకి కొదవ నేదు, గెడ్డలో పారే నీళ్ళు సల్లగా ఉంటాయి అని పెరట్లో పాక ఏసినాడు. గడ్డి ఉడకబెట్టి తైలం తీసీవోడు. మా అత్త రాగం తీసీది, "ఓలమ్మో, ఇంత సదువు సదివించితే గడ్డి వొండుతన్నాడే, ఆవులు సూసి నవ్వుతున్నాయే!" అని. మంచి మనిషే మా మరిది. కోపం నేదు, గర్వం నేదు. కానీ మాట సెప్పడం రాదు. తనకి తెలిసినదంతా ఎదటోడికీ తెలుసనుకుంటాడు. సదువుకున్నోళ్ళకి ఉండీ తెగులే అది, నీకూ ఉన్నాది, మూతి తిప్పకు, కనపడకపోనా తెలుస్తాది నాకు.

తైలంతో ఊరుకోనేదు. నారింజ పువ్వు వాసన ఒక తెల్ల పొడిలోంచి పుట్టిస్తానన్నాడు. దానికో మందు కలపాలంట, డై... డైమిథైలు సల్ఫేటు. నోరు తిరిగిందా నేదా? రోజూ ఇన్నాను కదా. సూడ్డానికి నీళ్ళే, కాస్త నూనెలాగ బరువు, వాసన కూడా పెద్దగా నేదు. దానికి ఇరుగుడుగా కుండనిండా అమోనియా నీళ్ళు పక్కన పెట్టుకోనిదే ఆ సీసా మూత తీసీవోడు కాదు. ఆ నీళ్ళ ఘాటుకి నాకు వొంటింట్లో కళ్ళంట నీళ్ళొచ్చీవి. సీసా గానీ గరాటు గానీ సేతి గుడ్డ గానీ, ముందు ఆ కుండలో మునగాల, తరవాతే గెడ్డకి తీసుకెల్లి తోమాల. పాకకి గోడలు కట్టనివ్వనేదు. మైనం గుడ్డ కట్టుకుని, గాలికి ఈపు పెట్టి నిలబడీవోడు. "వదినా, ఇది పీల్చినవాడికి అప్పటికప్పుడు ఏమీ తెలియదు. పూట గడిచాక ఊపిరితిత్తులు నీరు పట్టేస్తాయి" అని నాకు సెప్పినాడు ఒకసారి. గాసికి మాత్రం అలాగ సెప్పనేదు. "ముట్టుకున్నావంటే నిప్పులా మండుతుందిరోయ్" అన్నాడు, భయపెడదామని. నిప్పంటే సాలు, ఇంక జోలికి రాడనుకున్నాడు.

గాసంటే ఎవడా? కొండ మీద ఊరోడు, పాకలో సేతికింద పని సేసీవోడు. సన్నటి మనిషి, నవ్వు మాత్రం ముఖమంతా. ఆళ్ళకో పద్ధతున్నాది, ఇను. కరువు రోజుల్లో అడివిలో కొత్త దుంప దొరికితే ఎంటనే తినీయరు. ముక్క కోసి మణికట్టు లోపలి పక్క రుద్దుకుంటారు. వాసన సూస్తారు, పెదవికి రాసుకుంటారు. సుట్ట కాల్సినంతసేపు అలాగ కూకుంటారు. దురదెట్టిందా, మంట పుట్టిందా, పారేస్తారు. ఏటీ అవనేదా, అది మంచిదే. విషమన్నది దాక్కోదు, కరిసి మరీ సెప్తాది అని ఆళ్ళ నమ్మకం. తాతల కాడినుంచి అలాగే బతికినారు, ఆ అడివిలో అది తప్పు పోనేదు కూడాను.

సైత్రమాసం. కలకత్తా నుంచి కొత్త మందు సీసాల పెట్టె వొచ్చినాది బండి మీద. ఘాటీలో వాన తడిసి సీసాల మీద కాయితాలు ఊడిపోనాయి. మా మరిదీ మీ తాతా సంతకెల్లినారు. గాసి పెట్టె ఇప్పీసరికి ఒక సీసా మెడ సిట్లి, సుట్టూ కూరిన ఎండుగడ్డి అంతా తడిసిపోనాది. ఏ సీసా ఏదో ఆడికి తెలీదు. నాను గుమ్మంలోంచి, "ఒరే గాసీ, బాబు వొచ్చీదాకా ముట్టుకోకురా" అన్నాను. "ఊరుకో సావుకారమ్మా, సూస్తన్నాను కదా" అని రెండు బొట్లు మణికట్టు మీద ఏసుకున్నాడు. దుంపని సూసినట్టే. వాసన పీల్సినాడు, మళ్ళీ గట్టిగా పీల్సినాడు, పెదవికి రాసుకున్నాడు, ఎల్లి గోడవార సుట్ట కాల్సుకున్నాడు. మంట నేదు, దురద నేదు. "ఇది ఆ నిప్పు మందు కాదమ్మా, మంచిదే" అని తడి గడ్డి అంతా గుండెలకి హత్తుకుని మోసుకెల్లి పెరటెనకాల పారబోసినాడు. మిగిలింది వొలికిపోకుండా సీసాని ఒళ్ళో పెట్టుకుని, సిట్లిన కాడ మైనం అద్దుకుంటా కూకున్నాడు, బాబు మెచ్చుకుంటాడని.

మా మరిది వొచ్చి సూసి ఒక్క కేక పెట్టినాడు. అంత గట్టిగా అరవడం నానెప్పుడూ ఇననేదు. ఆణ్ణి లాక్కెల్లి అమోనియా నీళ్ళలో సేతులు ముంచినాడు, గోసీ ఇప్పించి తలమీంచి నీళ్ళు కుమ్మరించినాడు. తడి గడ్డిని తనే కర్రతో ఎత్తి కుండలో పడీసినాడు, మైనం గుడ్డ కట్టుకుందామన్న ద్యాసే నేదు. గాసేమో నవ్వుతన్నాడు. "నాకేటీ అవనేదు బాబూ, సూడు." "ఇప్పుడు కాదురా, సాయంత్రానికి తెలుస్తుంది. కదలకుండా పడుకో. కొండ ఎక్కావంటే చచ్చిపోతావు. రేపటిదాకా పడుకుంటే బతుకుతావేమోరా!" మందూ మాకూ ఏటీ నేదంట దానికి, పడుకోడమొక్కటే.

పడుకోమంటే పడుకుంటాడా? అది ఇటుకల పండగే గుంటా, కొండోళ్ళ వేట పండగ. ఆళ్ళ ఊరోళ్ళు వేటకి కదిలీది ఆ పూటే. మగోడన్నవోడు ఊళ్ళో ఉండకూడదు, ఏదో జంతువుని కొట్టి మోసుకురావాల. ఒట్టి సేతుల్తో వొస్తే ఆడోళ్ళు దారికడ్డంగా నిలబడి పేడనీళ్ళు కొడతారు, పాటలు కట్టి తిడతారు. అసలు ఎల్లనోడి సంగతి అడక్కు, ఏడాదంతా ఆ పాటే. పోయినేడు గాసి ఒట్టి సేతుల్తో వొస్తే అందరికంటే ముందు ఆడి పెళ్ళాం గంగే కొట్టినాదంట. నవ్వుతానే సెప్పీవోడు గానీ లోపల గుచ్చుకున్నాది. "ఈ ఏడు కణుజుని తేకపోతే అది నా ముఖం సూడదు బాబూ" అన్నాడు. కణుజంటే మనిషంత బరువుండీ పెద్ద దుప్పిలే. మా మరిది ఆడి కాళ్ళు పట్టుకున్నాడే! సావుకారి కొడుకు, కూలోడి కాళ్ళు! మా అత్త గుండెలు బాదుకున్నాది. గాసి సిగ్గుతో సచ్చిపోయి, సరే బాబూ సరే అని సావిట్లో సాప మీద పడుకున్నాడు. మా మరిది గుమ్మంలో కాపలా కూకున్నాడు.

పొద్దు వాలీయేళకి కొండదారి మీద తుడుం మోగినాది. విల్లంబులూ బల్లేలూ పట్టుకుని ఆళ్ళ ఊరోళ్ళు ఎల్తన్నారు. "కళ్ళు మండుతున్నాయి వదినా, కాసిని నీళ్ళివ్వు" అన్నాడు మా మరిది. ఆయనకీ తగిలినాదని అప్పుడు తెలిసినాది నాకు. ముఖం కడుక్కుని లోపలికి సూసీసరికి సాప ఖాళీ. ఎనక గోడ దూకీసినాడు ఎదవ! ఎంత తిట్టుకున్నానో ఆణ్ణి. ఇప్పటికీ తిడతాను. మా మరిది ఆ కళ్ళతోనే ఎనకాల పడి కొండెక్కీసినాడు. మీ తాత పిలుస్తానే ఉన్నాడు, ఇంటేనా?

తెల్లారినా ఇద్దరూ రానేదు. నానూ మీ తాతా ఆళ్ళ ఊరెల్లినాం. ఊరి మొదట్లో ఆడోళ్ళు బారులు తీరి ఉన్నారు, తలో కుండ పేడనీళ్ళు పట్టుకుని, ఒకటే నవ్వులు. "గాసికి మందు తగిలినాదే గంగా, వేటకెల్లకూడదే" అన్నాను. "అయన్నీ సాకులు సావుకారమ్మా, రానీ సెప్తాను ఆడి పని" అని కుండ సూపించినాది. అంతలో కొండవాలులో మగోళ్ళు దిగుతన్నారు. భుజాల మీద పొడుగు కర్ర, దానికి కట్టిన బరువు, పైనంతా అడ్డాకులు కప్పున్నాయి. "కణుజు! కణుజు!" అని ఆడోళ్ళు కేకలు. నాకు పేనం లేసొచ్చినాది. అంత కణుజుని కొట్టినారంటే మనోళ్ళు బానే ఉన్నారనుకున్నాను. గంగ కుండ పక్కన పెట్టీసి, పక్కదాని నడుం పట్టుకుని థింసా అడుగేసినాది. అందరూ తుడుం కొట్టుకుంటా, ఆడుకుంటా ఎదురెల్లినారు. మోసుకొచ్చీవోళ్ళకి ముందు మా మరిది నడుస్తన్నాడు, కళ్ళు వాసిపోయి, దారి తడుముకుంటా. మమ్మల్ని సూసి రెండు సేతులూ పైకెత్తి ఊపుతన్నాడు. నోరు తెరుస్తన్నాడు. గొంతు రానేదే తల్లీ, ఆ మందు గొంతు మూసీసినాది. ఆయనా ఆడుతన్నాడనుకున్నారు ఆడోళ్ళు, ఇంకా గట్టిగా కొట్టినారు తుడుం. గంగ ఆయన పక్కనుంచి ఆడుకుంటా ఎల్లి, నవ్వుకుంటా ఆకులు తీసినాది.

...

తరవాతేటంటావేటే. తరవాతేటీ నేదు. ఆ సేట ఇటు జరుపు. ఈ ఏడు సింతపండంతా పుచ్చే, అమ్మిన పైడిరాజొస్తే తిప్పి ఇచ్చీయాల.