తెలుగుల మాటలు బంద్

బోధన్‌లో ఒకే ఇంట్లో రెండు వాటాలు. ఐదు నెలలుగా మాటల్లేని తోడికోడలు త్రివేణి ఎదురుగా స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని కూర్చోవడం స్నేహలతకు ఇంకా కొత్తగానే ఉంది. ఇద్దరి మధ్యా అత్త లింగవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది.

“గట్ల గోడను చూసుకుంట కాదు, మొఖం చూసి అడగాలని ఇంగ్లీషు క్లాసు మేడం చెప్పింది. అత్తమ్మా, ఆమెకు చెప్పు.”

“నడుమ నేనెందుకే త్రివేణీ? స్నేహలత నీ ముంగటనే కూసున్నది.”

“ఆమెతోని తెలుగుల నేను మాట్లాడ. మేడం ఇద్దరికి జోడి కట్టింది గనక ఇంగ్లీషుల మాట్లాడుతున్న. తన కొడుకు శ్రావణ్ పుట్టెంటికలకు గోడవతల ఉన్న నాకు బొట్టు పెట్టి చెప్పకుంట, ఫోన్ల కార్డు పంపింది.”

“అందరికీ ఒక్కసారే పంపిన అత్తమ్మా. అండ్ల అక్కకు గూడ పోయింది. పోయినాక భయమైంది, ఇంక గడప తొక్కలే.”

“ఇన్నవా త్రివేణీ?”

“నాకు ఇంగ్లీషు తప్ప ఏం ఇనబడది. మొదలువెట్టుమను.”

“గుడ్ మార్నింగ్. హౌ ఆర్ యూ?”

“ఐయామ్ ఫైన్, థాంక్యూ. అండ్ యూ?”

“అత్తమ్మా, ఫైన్ అంటే మంచిగున్న అని. అక్క తెల్లారేదాంక దగ్గుతనే ఉన్నది, ఈడికి ఇనబడ్డది.”

“ఎవలడిగినా ఫైన్ అనే చెప్పాలె. బుక్కుల గట్లనే ఉన్నది. దగ్గు చెప్పుకునేటందుకు అండ్ల జాగ లేదు.”

“ఇదేం పలకరింపే? మంచిగున్నవా అంటే కాళ్లనొప్పులకాడికెల్లి అన్నీ చెప్పుకోవాలె. ఇనకుంటే అడుగుడెందుకు?”

“ఏడో పేజీల ‘నాట్ సో గుడ్’ అని ఉన్నది అత్తమ్మా. గది చెప్పొచ్చు.”

“…నాట్ సో గుడ్.”

“వాట్ హ్యాపెన్డ్?”

“కాఫ్. త్రీ డేస్.”

“మూడు దినాలా? మరి అల్లం, మిరియాలు ఏసి కషాయం తాగొద్దా అక్కా?”

“తెలుగుల అడిగితే నేను చెప్ప.”

“కషాయాన్ని ఇంగ్లీషుల ఏమంటరో నాకు రాదు.”

“నాకు మాత్రం వస్తదా?”

“మరేం చెయ్యాలె?”

“…చెయ్యి. బెల్లం జర ఎక్కువెయ్యి. నువ్వు చేస్తే ఎప్పుడూ చేదే ఉంటది.”

“ఐదు నిమిషాలు అక్కా. పుస్తకం మూయకు, ఇంకా ‘సీ యూ టుమారో’ చెప్పుకోలేదు.”

“రేపు గూడ కూసుంటరా?”

“కూసోకుంటే ఎట్ల అత్తమ్మా? అప్పజెప్పకుంటే మేడం ఊకుంటదా?”

“అవునక్కా, మేడం మస్తు స్ట్రిక్టు.”

“ఏ మేడమే? నిన్న కూరగాయల మార్కెట్ల కలిసింది. మీ క్లాసులు అయిపోయి పదిహేను దినాలాయెనట గద.”