టెంకాయ నిలబడిన చోటు

"తాతా, అత్తను ఆడపిల్లల కాలేజీలో ఎందుకు చేర్పించినావు? నాయన నన్ను ఆడికి పంపనంటాండాడు. మగపిల్లోళ్ళు లేని చోట చదివితే లోకం తెలీదంట."

ఎవురన్నారు? మీ నాయనా? వాడికి లోకం యాడ తెలిసింది, కళ్యాణదుర్గం బస్టాండులో టీ తాగుతా కూర్చుంటేనా? ఆ మంచం ఇట్ల లాగి కూర్చో పాపా. మీ నాయన ఇంట్లోనే ఉండాడు కదా? ఉండనీ, విననీ.

మీ అత్త సుశీల ఆ కాలేజీలో చేరినప్పుడు ఊరంతా ఇదే మాట. నేను రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషిని, నాకేం తెలుసు కాలేజీ సంగతి? శెనక్కాయ చేన్లోనే మాడిపోయిన సంవత్సరం... కాదు కాదు, దాని మరుసటేడు. మీ జేజి రొట్టెలు కట్టిచ్చి, బిడ్డను చూసి రా పో అనె. పోయి చూస్తే ఏముండాది? ఎర్రటి ఎండలో మన సుశీల సమ్మెట పట్టుకుని ఇనప కడ్డీలు భూమిలోకి కొడతాండాది! చేతుల నిండా బొబ్బలు. నాకు మండిపోయి ఆడుండే మేడమ్మను అడిగినా, "ఏమమ్మా, చదువుకని పంపితే కూలి పని చేపిస్తాండారే?" అని.

ఆయమ్మ నవ్వె. "ఇది కడ్డీల్లోకి కరెంటు పంపి, మిషనులో నేల కింద నీళ్ళు చూసే చదువు పెద్దాయనా. మగపిల్లలుంటే కడ్డీలు వాళ్ళు కొడతారు, మిషను వాళ్ళు పట్టుకుంటారు. మా పిల్లలకు రాసుకునే పని వదులుతారు. ఈడ ఎవురుండారు? అన్నీ వీళ్ళే చేయల్ల" అనింది. చూసినావా? నువ్వు పక్కకుండు అనేవాడు ఆడ ఒక్కడూ లేడు.

మళ్ళ ఏమైంది, దాని చదువైపోయి ఉద్యోగమొచ్చినాక మన కాలనీకి తాగే నీళ్ళ బోరు వచ్చె. చోటు చూసే ఆఫీసరు ఎవురనుకుంటివి? మన సుశీలే! కానీ మనోళ్ళు ముందే ఓబన్నను పిలిపించినారు. వాడు అరచేతిలో టెంకాయ పండబెట్టుకుని చేన్లల్లో నడుస్తాడు, అది లేచి నిలబడిన చోట నీళ్ళున్నట్ల. ఆ టెంకాయ సర్పంచు చేని గట్టు మీద నిలబడె. అదేమో, ఎప్పుడూ అట్లాంటోళ్ళ గట్టు మీదనే నిలబడతాది!

మీ అత్త కడ్డీలు కొట్టి, మిషను పెట్టి చూసి, "ఆడ కింద అంతా గట్టి బండ. ఆ వాన నీళ్ళు పారే వంక పక్కన వేయండి" అనింది. సర్పంచు ఏమన్నాడు తెలుసునా? "అమ్మణ్ణీ, నువ్వు పోయి నీడకు కూర్చో. మీ నాయన ఉండాడు కదా, మేం మాట్లాడుకుంటాం."

"మా నాయనతో ఏం మాట్లాడతావన్నా? చూసేదానికి వచ్చింది నేను" అనె. నేను సర్ది చెప్పబోతే నన్నూ కసిరె, "నువ్వు ఊరకుండు నాయనా!" అని. పోయి బోరు బండికి అడ్డం నిలబడి, "వంక కాడికి తిప్పు" అనింది. డ్రైవరు తిప్పినాడప్పా!

మొదట తెల్ల దుమ్ము లేసె. అందరూ నవ్వినారు. దాని వెనకాల తడి మట్టి. దాని వెనకాల నీళ్ళు. ఆ నీళ్ళకు పూజ చేసి, శాలువా ఎవురికి కప్పినారు? ఓబన్నకు! వాడి టెంకాయ ముందే వంక దిక్కుకు వాలిందంట! మీ నాయన ముందర నిలబడి చప్పట్లు కొట్టినాడు పాపా. సొంత అక్క ఆడ ఎండలో కడ్డీలు పీక్కుంటాంటే వీడు ఓబన్నకు చప్పట్లు! ఆ చప్పుడు ఈ పొద్దుకీ నా చెవుల్లో ఉండాది.

ఒరే, లోపల వింటాండావా? నువ్వు తాగే నీళ్ళు ఆ బోరువిరా! తాగి, దానికి లోకం తెలీదంటావా?

పాపా, రేపు పొద్దున బస్సుకు నువ్వూ నేనూ పోతాం. ఏం చదువుతావో నీ ఇష్టం, ఆ కాలేజీలోనే చదువు. వాడు అడ్డమొస్తే నేను చూసుకుంటా.

ఏదీ, చేతులు చూపీ. అబ్బ, ఎంత మెత్తగా ఉండాయి... చల్లగా ఉండు తల్లీ. ఆడికి పోతే బొబ్బలు లేస్తాయి. లేయనీ... లేయనీలే.