పాత డిస్కులో ఊపిరి లెక్కలు

మిట్టమధ్యాహ్నం. వదిన ఇంటి ముందుగది. బల్ల మీద మూత తీసిన పాత కంప్యూటరు, దాని ముందు కంప్యూటర్ల మెకానిక్ అయిన మరిది.

“వదినా, నా మాట విను. ఇది పోయింది.”

“పోయిందని నువ్వనడం ఇది నాలుగోసారి. ఇంతవరకూ స్క్రూ డ్రైవరు చేత్తో ముట్టుకోలేదు.”

“మూత తీశాను కదా.”

“మూత నేను తీశాను. నువ్వు దుమ్ము చూసి తుమ్మావు.”

“పదిహేడేళ్ళ మిషను వదినా! తెర మీద ఏం రాసిందో చూశావుగా, డిస్కు కనపడటం లేదని. కనపడనిదాన్ని నేనెక్కణ్ణుంచి తేను?”

“కేబుల్ మార్చి చూశావా?”

“కేబులంటే...”

“ఆ వెడల్పాటి పట్టీ. నీ సంచిలో ఇంకోటి ఉంది. ఇందాక చూశాను.”

“నీకివన్నీ ఎవరు చెప్పారు?”

“నూలు మిల్లు డిస్పెన్సరీలో పన్నెండేళ్ళు ఈ పెట్టెతోనే కాపురం చేశాను. కొత్తది తెచ్చి దీన్ని తుక్కులో పడేస్తుంటే అడిగి మరీ తెచ్చుకున్నాను. ఇది అలిగితే ఎలా బుజ్జగించాలో నాకు తెలీదా? మార్చు.”

“మారుస్తాలే... ఇదిగో, మార్చాను. ఆన్ చేస్తున్నా.”

“అదిగో! డిస్కు పేరొచ్చింది!”

“పేరొస్తే సరిపోదు. ఆ చప్పుడు విను. టక్, టక్, టక్. లోపలి ముల్లు చదవలేక కొట్టుకుంటోంది. అంటే...”

“అంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే.”

“నీతో వాదించలేను. ఇంకో రెండుసార్లు తిప్పితే మొత్తం పోవచ్చు. దీన్ని అవతల పారేసి, హాయిగా...”

“హాయిగా? రేపు పదింటికి విచారణ. మిల్లు లాయరు లేచి, ‘మా కార్మికుల ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయి, మా కాగితాలు చూడండి’ అంటాడు. కేసు వేసిన ఆ నలభైమూడు మందీ ఏం చూపించాలి? దగ్గి చూపించాలా?”

“పొద్దున మేనేజరు ఫోన్ చేశాడు.”

“మిల్లు మేనేజరా? నీకా?”

“వాళ్ళ ఆఫీసు కంప్యూటర్లన్నీ చూసేది నేనే కదా. ‘మీ వదినగారి దగ్గర మా పాత మిషను ఉందట, చెడిపోయిందట, ఇక బాగుపడదేమో’ అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు.”

“నువ్వేమన్నావు?”

“ఊఁ అన్నాను.”

“ఊఁ అంటే?”

“ఊఁ అంటే ఊఁ! నా దుకాణంలో సగం పని వాళ్ళదే వదినా. నువ్వు రేపు చెప్పాల్సింది చెప్పేసి ఇంటికొచ్చేస్తావు. ఎల్లుండి దుకాణం తెరిచి ఈగలు తోలుకోవాల్సింది నేను.”

“మీ అన్న ఆఖరి ఏడాది మేడ మెట్లెక్కలేక ఈ గదిలోనే పడుకున్నాడు. పడుకుంటే ఊపిరాడక నువ్వే దిండు మీద దిండు వేసి కూర్చోబెట్టేవాడివి.”

“ఇప్పుడు అన్న సంగతి ఎందుకు?”

“ఎందుకా? ఆర్నెల్లకోసారి ఆయనచేత గొట్టంలోకి ఊదించి, వచ్చిన అంకె నా చేత్తో ఇందులో ఎక్కించాను. అందుకు. నీకు భయమైతే చెప్పు, తప్పులేదు. సంచి ఇక్కడ పెట్టి వెళ్ళు. నేనే చూసుకుంటాను.”

“నువ్వా? నువ్వేం చేస్తావు?”

“డిస్కు రిపేరు చేసే కమాండ్ ఒకటుంది కదా, అది కొడతాను.”

“కొట్టకు! వదినా, చెయ్యి తియ్యి! ఈ స్థితిలో రిపేరు పెడితే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు కాపీ. ఏదైనా ఆ తర్వాతే. జరుగు, జరుగు.”

“జరిగానులే, అరవకు.”

“దీన్ని ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కి తగిలిస్తాను. ఒక్కో ముక్కా చదివించి ఇంకో డిస్కులోకి ఎక్కిస్తాను. చదవలేని చోటొస్తే వదిలేసి ముందుకెళ్తుంది. ఆ టేబుల్ ఫ్యాను ఇటు తిప్పు, వేడెక్కిందంటే మన పని అంతే.”

“మరి మేనేజరుకి ఏం చెప్తావు?”

“ఊఁ అన్నానుగా. దానికి అర్థం వాణ్ణే వెతుక్కోమను.”

“కాపీ అరవైఒకటి శాతం దగ్గర ఆగిపోయింది.”

“ఆగలేదు. చెడ్డచోటు తగిలింది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోంది. కాస్త ఓపిక పట్టు.”

“నీ ఫోన్ మోగుతోంది.”

“మోగనీ.”

“మేనేజరేమో?”

“మేనేజరే. మోగనీ. ...అరవైరెండు! కదిలింది వదినా, కదిలింది!”

“నెమ్మది. బల్ల ఊగుతోంది.”

“...తొంభైతొమ్మిది. అయింది! పదకొండు చోట్ల చదవలేదు. మిగతాదంతా వచ్చేసింది. ఏ ఫైలు?”

“‘ఊపిరి’ అని ఉంటుంది చూడు.”

“ఉంది. ఇందులో ఏడాదికి రెండేసి ఉన్నాయేంటి? ‘పరీక్ష’ అని ఒకటి, ‘పంపినది’ అని ఒకటి.”

“రెండూ కావాలి. తెరువు.”

“దూది దులిపే విభాగం... అన్న ఇక్కడున్నాడు. ‘పరీక్ష’లో వందకి నలభైఎనిమిది. ‘పంపినది’లో తొంభైఒకటి. ఇదేంటి?”

“మిగతావాళ్ళవీ చూడు.”

“అందరివీ ఇంతే! యాభైలన్నీ తొంభైలైపోయాయి! దొంగవెధవలు! ఇంకేం కావాలి వదినా, రేపు ఆ లాయరు నోరెత్తగలడా? ఎవడు మార్చాడో కూడా కింద ఉండాలి, ప్రతిదానికీ పేరు... ”

“పైకి చదువు.”

“నీ పేరుంది.”

“పైకి పంపేవాటిలో అంకెలు పెంచకపోతే, తగ్గినవాళ్ళని పనిలోంచి తీసేస్తామన్నారు మిల్లువాళ్ళు. మీ అన్నతో సహా. అన్ని ఇళ్ళల్లో పొయ్యి ఆరకుండా కాపాడుతున్నాననుకున్నాను.”

“అన్నకి తెలుసా?”

“తెలీదు. బాగానే ఉందని నేనన్న మాట నమ్మి ఆఖరిదాకా ఆ దూదిలోకే వెళ్ళాడు.”

“వదినా... ఇది బయటపడితే వాళ్ళకంటే ముందు నిన్ను పట్టుకుంటారు. ఈ ‘పంపినవి’ తీసేస్తాను. ‘పరీక్ష’వి చాలు. మూడో మనిషికి తెలీదు.”

“తియ్యకు. ‘పరీక్ష’వి మాత్రమే చూపిస్తే నిన్న రాత్రి నేనే కూర్చుని రాశానంటారు. మార్చింది నేనేనని లేచి నిలబడితేనే, మార్పించినవాడి పేరు చెప్పగలను. రెండూ ప్రింటు తియ్యి. మీ అన్నది అన్నిటికంటే పైన పెట్టు.”