చిక్కుడు పాదుకి పోయిన కడ్డీలు

వాగు ఒడ్డున, జోరువానలో, అద్దాలు మూసుకున్న కారు. వెనక సీట్లో తడిసిన పిల్లలిద్దరూ ఒకే దుప్పట్లో ముడుచుకున్నారు. ముందు సీట్లో మొగుడూ, అతన్ని నిలదీస్తున్న పెళ్లాం.

"టెంటు తెచ్చావు. దాన్ని నిలబెట్టే కడ్డీలేవి?"

"ఇంట్లో ఉండిపోయాయి."

"మర్చిపోయావా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకు, నిన్నే!"

"మర్చిపోలేదు. మేడ మీద అమ్మ వాటికి చిక్కుడు పాదు పాకించింది."

"అది తెలిసే మమ్మల్ని ఇంత దూరం లాక్కొచ్చావా?"

"చెట్లకి తాళ్లు కట్టి నిలబెట్టేద్దాం అనుకున్నా."

"కట్టావుగా, గుడ్డ నిలువునా చిరిగింది! కడ్డీలు కావాలమ్మా అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా?"

"పాదు పీకితే అమ్మ అలుగుతుంది."

"నేను అలగనా? నేనంటే నీకు మరీ అలుసైపోయింది."

"అరవకు, పిల్లలు వింటున్నారు. ఇంటికి పోదాంలే."

"పోదాం. వెళ్లగానే మీ అమ్మ ఎదుటే ఆ కడ్డీలు నీ చేత్తో పీకాలి."

"ఇప్పుడా? పాపం, పూత మీదుందే."

"ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. నీ పిల్లలు చలికి గజగజా వణుకుతున్నారు. పొద్దుట్నుంచీ వాళ్లని ఒక్కసారైనా పాపం అన్నావా?"