తలుపు లేని గది

బ్రనో నగరంలో ఒక ఫ్లాట్, శనివారం ఉదయం. అక్క హెద్వికా ఒక అట్టపెట్టె పట్టుకుని తమ్ముడు క్రిష్టోఫ్ ఇంటికి వచ్చింది.

"ఆ పెట్టె నేను విప్పను, అక్కా. వెనక్కి తీసుకెళ్ళిపో."

"పెళ్ళి కొలాచీలు వెనక్కి పంపుతారట్రా ఎవరైనా? అరిష్టం. రదోవన్ వాళ్ళమ్మ చేత్తో చేసిన తీపి రొట్టెలు. గసగసాలవంటే నీకిష్టమని విడిగా కట్టించాడు వాడు."

"అంత ప్రేమున్నవాడు నేను చేసిన కంప్యూటర్ ఆట గురించి అలా రాయడు."

"మళ్ళీ అక్కడికే వచ్చావా? పన్నెండింటికి టౌన్ హాల్లో వాడి పెళ్ళి. సాక్షి సంతకం నువ్వే పెట్టాలని బళ్ళో ఉన్నప్పట్నుంచీ అనుకున్నారు మీరిద్దరూ."

"వాళ్ళ పెదనాన్న కొడుకు పెడతాడట."

"వాడు సంతకం పెట్టేలోపు నిద్రపోతాడు. లే, కోటు తీసి తగిలించాను, వేసుకో."

"అక్కా, అసలు వాడు రాసిన ఆ రివ్యూ నువ్వు చదివావా?"

"నాకెందుకు రివ్యూలు? నేను ఆటలాడతానా?"

"కూర్చో, చదువుతాను."

"వద్దులే. టైమవుతోంది."

"తేడా తెలియాలి కదా. ముందు మంచివి విను. ఇదిగో, ఓస్ట్రావా నుంచి ఒకాయన. 'ఖాళీ ఇంట్లో మనమే తిరుగుతున్నట్టుంటుంది. మనుషులెక్కడా కనపడరు, వాళ్ళ సామాన్లే ఉంటాయి. తలుపు తలుపుకీ ఒక పజిల్. వంటింట్లో పొయ్యి వెలిగించేసరికి మా ఆవిడ అలిగి పుట్టింటికెళ్ళిపోయింది. అయినా సరే, నా బొటనవేలు పైకే.'"

"పాపం."

"ఎవరు, ఆవిడా?"

"ఆయనే. ఆ పొయ్యి తలుపు పైకెత్తి తొయ్యాలి కదా. మన ఇంట్లో ఉన్నప్పుడూ అంతే సతాయించేది."

"అందుకే పెట్టాను. మన ఇల్లు కొనుక్కున్న ప్రాగ్ వాళ్ళు ఆ పొయ్యి పీకి పెరట్లో పడేశారని విన్నాక కదా నేనీ ఆట మొదలెట్టింది. పోనీ ఇలాగైనా ఎక్కడో ఒకచోట ఉంటుందని."

"బాగా కట్టావు. అందరూ అంటున్నారు."

"అందరూ అనట్లేదు, అదే చెప్తున్నా. ఇంకోటి విను. 'మా అత్తగారి నోరు తెరిపించడం కష్టం, ఈ ఇంటి బీరువా తెరిపించడం ఇంకా కష్టం.' ఇంకోటి. 'చిన్న లోపం ఉంది, సరిచేయండి. సామాన్ల గది పక్క గోడ దగ్గర నిలబడితే ఎవరో కూనిరాగం తీస్తున్నారు.' ఇలాంటివి బోలెడు. ఒకడు ఏదో రహస్యం ఉందనుకుని వారాంతమంతా ఆ గోడ తడుతూ కూర్చున్నాడట."

"ఏ పాటట?"

"నేను వినలేదు. కదలకుండా చాలాసేపు నిలబడితేనే వినిపిస్తుందట. నాకంత ఓపికేది? శబ్దాలన్నీ రదోవన్ పెట్టినవి. వాడితో మాటల్లేవు, ఇంకెవర్ని అడగను?"

"అందుకే వెళ్ళి మాట్లాడమంటున్నా."

"అయిపోలేదు. ఇప్పుడు వాడిది విను. 'ఇల్లంతా తిరిగాను. టోపీ కొక్కెం ఉంది. కుంటి కుర్చీ ఉంది. కుక్క గిన్నె కూడా ఉంది. ఒక గది మాత్రం లేదు. కట్టినవాడికి ఆ సంగతి తెలుసు, తెలిసే గోడ కట్టాడు. ఇది ఇల్లు కాదు, అబద్ధం. ఆడకండి.' బొటనవేలు కిందికి. వింటున్నావా?"

"వింటున్నా. నీ టీ చల్లారిపోయింది, మళ్ళీ పెడతాను."

"టీ వద్దు. చూడు, ఎంత విషముందో. పైగా జనం 'పనికొచ్చింది, పనికొచ్చింది' అని నొక్కీ నొక్కీ దాన్ని పేజీ నెత్తిన కూర్చోబెట్టారు. ఆట ఎలా ఉందో చూద్దామని వచ్చినవాడికి ముందు కనపడేది ఇదే."

"రదోవనే రాశాడని ఎక్కడుంది? పేరు లేదుగా."

"పేరెందుకు? రెండు ఆనవాళ్ళు చాలు. రాసినవాడు ఎంతసేపు ఆడాడో పక్కనే చూపిస్తుంది. వీడు గంట కూడా ఆడలేదు. కానీ ఇల్లంతా తిరిగాడు. ఎంత ఆరితేరినవాడికైనా రోజులు పడతాయి. జవాబులు ముందే తెలిసుంటే తప్ప అలా పోలేడు."

"తెలివైనవాడేమో."

"అంత తెలివైనవాడు ఇంకా పుట్టలేదు. రెండోది, ఆ గది. ఆటలో మొదట ఇంకో గది ఉండేది. బయటికి వదిలేముందు తీసేశాను. అది ఉండేదని తెలిసింది నాకూ వాడికీ. తీయొద్దని నాతో పోట్లాడాడు కూడా. ఆ కసి ఇలా తీర్చుకున్నాడు."

"ఇంకో గది ఉండేదా?"

"ఉండేది."

"ఏ గది?"

"ఏదోలే. ఇప్పుడు లేదుగా."

"ఏ గదిరా?"

"దాని సంగతి వదిలెయ్ అక్కా. పజిల్ కుదర్లేదు, తీసేశాను. అనుమానమొచ్చి నేనూరుకోలేదు, వాడి మొహం మీదే అడిగాను, రాసింది నువ్వేనా అని."

"ఏమన్నాడు?"

"మొత్తం చదివాడు. మళ్ళీ చదివాడు. 'నేనే అనుకో' అన్నాడు."

"నేనే అన్నాడా?"

"నేనే అనుకో అన్నాడు. రెండూ ఒకటే."

"అలా ఎలా అంటాడు? వాడు కాదుగా."

"కాదని నీకెలా తెలుసు?"

"అంటే, వాడి తీరు అది కాదంటున్నా. కోపమొస్తే వాడు మొహం మీదే తిడతాడు, చాటుగా రాయడు."

"నేనూ అలాగే అనుకున్నా ఇన్నాళ్ళూ. అందుకే కదా అంత మండింది. ఆట చివర పేర్లు వస్తాయి చూడు, అందులోంచి వాడి పేరు పీకేశాను."

"ఏం చేశావ్?"

"పీకేశాను. ఆ సంగీతం ఎవరిదో ఇప్పుడు ఆడేవాళ్ళకి తెలియదు."

"ఒరేయ్, వాడు తిండి మానేసి చేశాడురా ఆ పని. మెట్ల కిర్రుమనే చప్పుడు కోసం మన ఊరు దాకా వెళ్ళి, ఆ ప్రాగ్ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి రికార్డు చేసుకొచ్చాడు."

"మరి రాసేముందు ఆలోచించుకోవాలి."

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఇదిగో, ఇలాగే వాడి పక్కన చేరతావని."

"క్రిష్టోఫ్, ఒకసారి కూర్చో."

"కూర్చునే ఉన్నాను కదక్కా."

"అయితే నేనే కూర్చుంటాను. ఆ గంటలోపు ఆడింది తెలివైనవాడేం కాదు. పొయ్యి తలుపు ఎత్తి తొయ్యాలని తెలిసినవాళ్ళు. బీరువా తాళంచెవి పిండి డబ్బాలో ఉంటుందని తెలిసినవాళ్ళు. గోడ గడియారం ఆగిపోతే తాడు లాగకూడదు, పక్కన గుద్దాలని తెలిసినవాళ్ళు."

"అవన్నీ రదోవన్‌కి తెలుసు. నేనే చెప్పాను."

"నాకు ఎవరూ చెప్పక్కర్లేదురా."

"నువ్వు..."

"ఆ."

"నువ్వు ఆటలాడవుగా, అక్కా."

"ఆటాడదామని వెళ్ళలేదు. ఇంటికెళ్దామని వెళ్ళాను. మా ఆయన లేనప్పుడు ఆయన కంప్యూటర్లో కొన్నాను. నువ్వు కట్టావు కదా, చూసి, ఆదివారం భోజనానికొచ్చినప్పుడు మెచ్చుకుందామని. తలుపు తీయగానే నాన్న టోపీ చూసి ఏడ్చాను కూడా. వంటిల్లు దాటాను, నాన్న మంచం దాటాను, సామాన్ల గది పక్కకి తిరిగాను. గోడ. సున్నం కొట్టిన తెల్లటి గోడ. కుక్క గిన్నె గుర్తుంది నీకు, నా మంచం గుర్తులేదు. నాన్న మంచాన పడ్డాక నర్సు చదువు మానేసి నేనున్నది ఆ గదిలోనే కదరా. నువ్విక్కడ కాలేజీలో చదువుకున్నన్నాళ్ళూ అందులోనే కదా ఉన్నాను."

"అక్కా, నేను..."

"చెప్పనీ. ఆగితే మళ్ళీ చెప్పలేను. కోపమొచ్చింది, రాసేశాను. పొద్దున్న లేస్తే సిగ్గేసింది. తీసేద్దామనుకుంటున్నా, నువ్వు ఫోన్ చేశావు, రదోవన్ ఎంత పని చేశాడో చూడు అని. అప్పుడు తీసేస్తే, వాడే భయపడి తీశాడంటావని ఊరుకున్నాను. కాదులే, అది సాకు. భయమేసింది. వాడి నెత్తిన పడితే పడనీ, నా తమ్ముడు నాకుంటాడు అనుకున్నాను."

"ఇన్ని ఆదివారాలు నీ ఎదురుగా కూర్చుని వాణ్ణి తిట్టాను నేను."

"నువ్వు తిడుతుంటే నీ పళ్ళెంలో ఇంకో ముక్క క్నెడ్లిక్ రొట్టె వేసేదాన్ని. నా ముక్కలు మాత్రం కుక్కకి పోయేవి."

"నాతో అనొచ్చుగా, అక్కా. నా గదేదిరా అని ఒక్క మాట అడగొచ్చుగా. ఊరందరి ముందూ అబద్ధం అని రాస్తావా?"

"అడగొచ్చు. అడిగితే నువ్వు పజిల్ కుదర్లేదనేవాడివి. ఇందాక అన్నట్టే. ఇప్పుడు చెప్పు. తీసేసిన గది ఏది?"

"నీదే."

"కట్టావా దాన్ని?"

"అన్నిటికన్నా ముందు కట్టిందే అది. కిటికీ, మంచం, నీ కుట్టు డబ్బా, దాని మీద విరిగిన గుండీ. అన్నీ పెట్టాను. తలుపు వేసి ఉంటుంది. లోపల నువ్వున్నట్టు అలికిడి. రదోవన్ ఆడి చూశాడు. అన్నీ దాటి ఆ తలుపు దగ్గరకొచ్చి ఆగిపోయాడు. 'ఈ అమ్మాయిని బయటికి తెచ్చే దారేదిరా' అన్నాడు. నేను దారి కట్టలేదు."

"తోచలేదా?"

"తాళంచెవి దాచి చూశాను. గొళ్ళెం పెట్టి చూశాను. ఏది పెట్టినా ఉత్త గారడీలా ఉండేది. ఉన్న దారి ఒకటే. బయట నిలబడ్డ తమ్ముడు బ్రనో బస్సు ఎక్కకపోవడం. అదెలా పెట్టను? ఎక్కేశాను కదా. ఆ తలుపు వంక చూడలేకపోయేవాణ్ణి. అందుకే గోడ కట్టేశాను. నువ్వు రాసింది అక్షరాలా నిజం, అక్కా. తెలిసే కట్టాను."

"ఏడవకు. నన్నేడిపించకు. ఆ గోడ చూపించు."

"ఇప్పుడా? పెళ్ళికి టైమైపోతుందని నువ్వే అన్నావు."

"ఇప్పుడే. కదలకుండా నిలబడాలన్నావు కదా."

"ఆగు, వస్తోంది. ఇదిగో, సామాన్ల గది. ఇక్కడ. ఇదే గోడ."

"చెయ్యి తియ్యి దాని మీంచి. అలా ఉండనీ."

"ఏం వినపడట్లేదు. నేను చెప్పాగా, ఏదో లోపం..."

"మాట్లాడకు."

"వినపడుతోందక్కా, కూనిరాగం."

"ఇది నేనురా."

"నువ్వే."

"అమ్మ పాట. ప్లమ్ పళ్ళ గింజలు తీస్తున్నా ఆ రోజు. గిన్నెల చప్పుడు కావాలని రదోవన్ ఏదో రికార్డు డబ్బా పట్టుకుని ఇప్పటి మా వంటింట్లో కూర్చున్నాడు. నేను పాడుతున్నానని నాకే తెలియదు."

"గదిలో వినిపించే అలికిడి అదే. గదితోపాటు అదీ పోయిందనుకున్నాను."

"ఇంతమంది విన్నారు దీన్ని. నువ్వు వినలేదు."

"ఇక్కడ నిలబడే ధైర్యం నాకు లేదక్కా. ఓపిక లేదన్నది కూడా అబద్ధమే."

"వాడికి ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు. ముందు నేను మాట్లాడాలి."

"పెళ్ళికొడుకు ఇప్పుడు ఫోన్ ఎత్తుతాడా?"

"నువ్వు చేస్తే ఎత్తుతాడు."

"క్రిష్టోఫా? బతికించావురా. ఈ టై ముడి పడి చావట్లేదు, నువ్వెలా వేస్తావో కాస్త చెప్పు."

"రదోవన్, నేను హెద్వికాని. నీ ముందు నిలబడి చెప్పాల్సింది, ఫోన్లో చెప్తున్నా. ఆ రివ్యూ నేను రాశాను. నీ మీద పడితే నోరు మూసుకుని కూర్చున్నాను. పెళ్ళిపూట నన్ను క్షమించమని కూడా అడగలేను."

"కొలాచీలు తిన్నారా అక్కా? మా అమ్మ ఇందాకట్నుంచీ అడుగుతోంది."

"రదోవన్, విన్నావా నేను చెప్పింది?"

"విన్నానక్కా. మీరు రాశారని నాకు చదివిన రోజే తెలుసు. కుంటి కుర్చీ అని రాశారు. ఆటలో అది మామూలు కుర్చీయే. కుంటిదని ఆ ఇంట్లో దాని మీద కూర్చుని పడ్డవాళ్ళకే తెలుస్తుంది."

"రదోవన్, నేను క్రిష్టోఫ్‌ని. నీ పేరు ఈ పూటే మళ్ళీ పెడతాను."

"పెట్టు. ముందు టై సంగతి చూడు."

"ఆ గోడ వెనక పాట నువ్వు తీసేశావనుకున్నానురా."

"గది తీయమన్నావు, తీశాను. మనిషిని తీయడానికి చేతులు రాలేదు."

"ఇంత తెలిసి మరి నేనే అనుకో అని ఎందుకన్నావ్? కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేదిగా?"

"కాదంటే ఇంకెవరా అని వెతికేవాడివి. ఆ ఇంటి మనుషుల్లో నీకు మిగిలింది ఆమె ఒక్కతేరా."