తెల్లరంగు పడని గుర్రం

1980వ సంవత్సరం జూన్ నెల పదహారవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ వీరభద్రం గారు ఫిల్మ్ నగర్‌లోని మన విశాలాక్షి స్టూడియో కళావిభాగంలో, సెట్టు వెనుక కట్టే తెరల చిత్రకారులుగా విధులలో చేరారు. ఆనాటికి మన ప్రహరీ గోడ సగమే లేచింది. మిగిలిన సగం బండరాళ్లే కాపలా కాసేవి. చేరిన రోజే ఆయన స్టోర్సు విభాగానికి విచ్చేసి, పొడవాటి వెదురు కర్రలు కావాలని కోరారు. చిత్రకారునికి కుంచెలు కావాలి గాని కర్రలెందుకని, స్టోర్సు అధికారికి ఉండవలసిన అనుమానంతోనే నేను ప్రశ్నించాను. “తెర నేలమీద పరిచి, దానిమీద నడుస్తూ గీస్తానండీ. కుంచె కర్రకి కట్టుకోకపోతే నడుం వంచాలి. నా నడుం వంగితే గుర్రం నడుం కూడా వంగిపోతుంది” అన్నారు. కర్రలు ఇచ్చాను. అలా మొదలైన మా స్నేహం ఈ మే నెలాఖరున ఆయన పదవీ విరమణ చేస్తున్న వేళ ఈ వీడ్కోలు సంచికలో నాలుగు మాటలు రాసే భాగ్యాన్ని నాకు ప్రసాదించింది.

వీరభద్రం గారి స్వస్థలం ఏలూరు. తండ్రిగారు రైల్వే స్టేషను దగ్గర జట్కా నడిపేవారు. బడికి వెళ్లవలసిన వయసులో ఆ గుర్రాన్ని బొగ్గుతో ఇరుగుపొరుగు గోడల మీద గీసి, ఆ ఇళ్లవారి చేత తిట్లూ, తండ్రిగారి చేత దెబ్బలూ తిన్న ఘనత వారిది. యౌవనారంభంలో మద్రాసు చేరి, అక్కడి స్టూడియోలలో ఆకాశాలూ, కోటలూ, అడవులూ చిత్రించి చేయి సాధించారు. తెలుగు చిత్ర పరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలి రాగా, ధర్మపత్ని శ్రీమతి పుష్పవల్లి గారితో కలిసి కృష్ణానగర్‌లో ఒక ఇరుకు గది అద్దెకు తీసుకుని మనవారయ్యారు.

ఆ గదికి రెండు సందుల అవతల హనుమంతు గుర్రాల కొట్టం ఉంది. పెళ్లి ఊరేగింపులకూ సినిమాలకూ గుర్రాలను కిరాయికిచ్చే హనుమంతు మనలో చాలామందికి పరిచితుడే. వీరభద్రం గారు ప్రతి ఉదయం స్నానాదికాలు ముగించుకుని, జేబులో బెల్లం ముక్కతో, చంకలో కాగితాల అట్టతో ఆ కొట్టానికి వెళ్లి, బోర్లించిన బకెట్టుమీద ఆసీనులై గుర్రాలను గీసేవారు. బొమ్మను కళ్లతో గాని ముఖంతో గాని ప్రారంభించేవారు కారు; బరువు ఏ కాలిమీద ఉందో ఆ కాలు ముందు గీసేవారు. నేను ఒకసారి కుతూహలం కొద్దీ వెంట వెళ్లి, పేడ తొక్కి, తుమ్ములతో తిరిగి వచ్చాను. వారికి మాత్రం ఆ వాసన లేనిదే కాఫీ కూడా రుచించేది కాదని పుష్పవల్లి గారి ఫిర్యాదు.

జానపద చిత్రాలు, యుద్ధ సన్నివేశాలు, స్వప్న గీతాలు వచ్చినప్పుడల్లా నిర్మాతలు “గుర్రాలు వీరభద్రం గారే వేయాలి” అని పట్టుబట్టేవారు. అయితే మన వృత్తిలోని ఒక ఆచారం ఈ సంచికను చదివే కుటుంబ సభ్యులకు తెలియకపోవచ్చు. చిత్రీకరణ పూర్తయి గుమ్మడికాయ కొట్టగానే, ఆ బ్యాక్‌డ్రాప్ తెరకు తెల్లరంగు పూసి, తరువాతి చిత్రానికి సిద్ధం చేస్తారు. మంచి గుడ్డ ఖరీదైనది. బొమ్మ ఎంత మంచిదైనా దాని ఆయుష్షు చిత్రీకరణ ముగిసే వరకే. గీసిన చేయే తుడవాలన్నది మరో ఆచారం. తాను నెల రోజులు నడిచి గీసిన గుర్రాలమీద వీరభద్రం గారు బకెట్టు పట్టుకుని మళ్లీ నడిచేవారు. చూడలేక నేను తల తిప్పుకుంటే, “బొమ్మ సినిమాలోకి వెళ్లిపోయిందండీ, మనకి మిగిలింది గుడ్డే” అని నన్నే ఊరడించేవారు.

సినిమాలోకి వెళ్లిపోయిన బొమ్మల సంగతి కూడా విన్నవించాలి. 1985లో ఒక యుద్ధ సన్నివేశానికి ఆయన అశ్వదళాన్ని చిత్రించారు. దర్శకుడు మెచ్చుకున్నారు, ఛాయాగ్రాహకుడు మెచ్చుకున్నారు, ఆచారం ప్రకారం తెల్లరంగూ పడింది. చిత్రం విడుదలయ్యాక దంపతులిద్దరూ మొదటి ఆటకు వెళ్లారు. సరిగ్గా యుద్ధం ముదిరిన సమయాన పుష్పవల్లి గారు భర్త మోచేయి పొడిచి, “ఏవండీ, ఆ చివరి గుర్రానికి అయిదు కాళ్లున్నాయి” అన్నారట. వీరభద్రం గారు కళ్లజోడు తుడుచుకుని చూశారు. ఉన్నాయి! మర్నాడు స్టోర్సులో కూర్చుని నీరసంగా, “దిద్దుదామంటే ఇప్పుడు గుర్రమే లేదండీ” అన్నారు. ఆ అయిదో కాలు నేటికీ రాష్ట్రమంతటా పరుగెడుతూనే ఉంది. ప్రేక్షకులలో ఒక్కరైనా లెక్కపెట్టిన దాఖలా లేదు.

ఇంత తేలికగా బొమ్మలను వదులుకోగలిగిన మనిషి ఒక్కసారి మాత్రం వదలనన్నారు. అది 1992. హనుమంతు కొట్టంలో బిజిలీ అనే ఎర్రని ఆడగుర్రం ఉండేది. వీరభద్రం గారు ఏళ్ల తరబడి గీసింది ప్రధానంగా దానినే. ఆ ఏడు ఒక జానపద చిత్రం కోసం, ఏటి ఒడ్డున నిలబడిన బిజిలీని నిలువెత్తున చిత్రించారు. చిత్రీకరణ జరుగుతున్న రోజుల్లోనే ఆ గుర్రం కడుపునొప్పితో మరణించింది. గుమ్మడికాయ కొట్టిన మరునాడు వీరభద్రం గారు తెల్లరంగు కలుపుకుంటుండగా హనుమంతు వచ్చాడు.

“సార్, జర ఆగుండ్రి. దాని ఫోటో గూడ లేదు నా తాన. ఒక్కపారి సూసి పోత” అన్నాడు. తెర ముందు నిలబడి చాలాసేపు చూశాడు. “గిది బిజిలీయే సార్. ఎడమ చెవి గట్లనే వంచుతుండె” అని, తలకు చుట్టిన తుండుతో ముఖం కప్పుకున్నాడు.

వీరభద్రం గారు కుంచె దించి, నేరుగా మేనేజరు శ్రీ సుబ్రహ్మణ్యం గారి గదికి వెళ్లారు. స్టాకు పనిమీద నేనూ అక్కడే ఉన్నాను. గుర్రం ఉన్నంత మేర కత్తిరించి హనుమంతుకు ఇవ్వడానికి అనుమతి కోరారు. అంత గుడ్డా తాను తెచ్చి అతికిస్తానన్నారు.

“అడిగినవాళ్లకల్లా గుర్రం కోసి ఇస్తూ పోతే, రేపు ఆకాశం దేనిమీద వేస్తారండీ? స్టూడియో ఆస్తిమీద కత్తెర పెట్టడానికి వీల్లేదు” అన్నారు సుబ్రహ్మణ్యం గారు.

“నా ఇన్నేళ్ల బొమ్మల్లో ఒక్కటి కూడా మిగల్లేదండీ. ఇదొక్కటి ఉండనివ్వండి.”

“లేదండీ. నియమం మీకొకటి, మిగతావాళ్లకొకటి ఉండదు.”

వీరభద్రం గారు నమస్కరించి బయటకు వచ్చారు. ఆ మధ్యాహ్నమే, దాపరికం లేకుండా, అందరి ఎదుటా తెర కత్తిరించి బిజిలీని హనుమంతు చేతిలో పెట్టారు. అంతే కొలత గుడ్డ కొని తెచ్చి, దుస్తుల విభాగం కుట్టుమిషను మీద అతుకు వేయించి, పైన సంధ్యాకాశం చిత్రించారు. ఆ అతుకు ఎక్కడుందో నేటికీ నేను చూపలేను. అయినా సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. కొద్ది నెలల్లో వారిని వరించవలసిన ప్రధాన చిత్రకారుల పదవి మరొకరిని వరించింది.

నియమం సుబ్రహ్మణ్యం గారి పక్షాన ఉంది, కాదనను. కాని నాకు చాలా కోపం వచ్చింది; వారు చదువుతారని తెలిసే ఈ మాట రాస్తున్నాను. వీరభద్రం గారికి మాత్రం కోపం రాలేదు. కొత్తగా వచ్చిన ప్రధాన చిత్రకారునికి తానే రంగులు చూపించి, తెర పరిచి, పని అప్పగించారు. బాధ లేదా అని అడిగితే, “ఉందండీ, ఎందుకుండదు! ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పినప్పుడు ఏడుపే వచ్చింది. గుర్రాన్ని ఇచ్చినందుకు మాత్రం లేదు” అన్నారు. పుష్పవల్లి గారు ఆ రాత్రి పాయసం వండారని ఆ తరువాత తెలిసింది. పదవి పోయిన ఇంట పాయసం వండిన ఆ ఇల్లాలికి ఈ సంచికాముఖంగా నమస్కరిస్తున్నాను.

ఈ సంచిక ముఖచిత్రంగా వీరభద్రం గారి గుర్రం ఒకటి వేయాలని మన ఉద్యోగుల సంఘం నిర్ణయించింది. స్టూడియో అంతటా వెదికాము. ఉన్న తెరలన్నీ తెల్లగా ఉన్నాయి, లేదా ఇంకొకరి మబ్బులు మోస్తున్నాయి. ఇక గత్యంతరం లేక ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని కృష్ణానగర్ వెళ్లాము. బిజిలీ కొట్టంలో గోడకు ఉంది. వాన చినుకు తగలకుండా హనుమంతు పైన రేకు వేయించాడు. కిందికి దించమంటే, “తీసుడు కుదరదు సార్. ఫోటో గీడనే కొట్టుకోండ్రి” అన్నాడు. ముఖచిత్రంలో ఒక అంచున కనబడుతున్న తోక వీరభద్రం గారి సృష్టి కాదనీ, ఆ సమయాన ఉలవలు తింటున్న వేరొక గుర్రానిదనీ పాఠకులు గ్రహించగలరు.

ఆ ఫోటోను సుబ్రహ్మణ్యం గారు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. “పద్దెనిమిదేళ్లలో ఇదొక్కటేనా మిగిలింది?” అన్నారు. ఇదొక్కటేనన్నాను. వీడ్కోలు సభకు శాలువా, గడియారం అప్పటికే తెప్పించి ఉంచాము. వాటితో పాటు మన స్టోర్సులోని అతి పెద్ద కొత్త తెర వీరభద్రం గారికి బహూకరించాలని వారు స్వదస్తూరీతో ఉత్తర్వు రాసి నాకు ఇచ్చారు. చివర, “ఇది తిరిగి స్టోర్సుకు జమ చేయనవసరం లేదు” అని చేర్చారు. నా ఉద్యోగ జీవితంలో గుడ్డ విషయమై అటువంటి వాక్యం నేను చదవలేదు. చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

వీరభద్రం గారూ! శ్రీమతి పుష్పవల్లి గారితో కూడి మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని చూపుతో, వణకని చేతితో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. ఆ తెర నేలమీద పరవండి. తీరికగా నడవండి. మీకు నచ్చిన గుర్రాన్ని, నచ్చినన్ని కాళ్లతో గీయండి. గీసి, అలాగే ఉంచండి.