మింగేసిన జపం

జపమాల ముగించి మేకుకు తగిలించేశాడు గనిలో పనిచేసే ఆ మనిషి. భార్య మాత్రం మోకాళ్ళ మీంచి లేవలేదు.

“జపమాల చివర పోపుగారి కోరికలు నెరవేరాలని చెప్పే పరలోక జపం ఇవాళ కూడా మింగేశారు.”

“మర్చిపోయాను.”

“పెళ్ళయినప్పట్నుంచీ మర్చిపోనిది, ఆయన బొగ్గు తవ్వడం ఆపమన్నాకే మర్చిపోయారా?”

“ఆయన కోరికలు తీరాలని నా నోటితో నేనే అడగాలా? గని మూతపడితే ఏం తింటాం?”

“తెల్లవార్లూ మీ దగ్గు వింటూ కూర్చునేది నేను. నాకు ఆ మాట చల్లగానే ఉంది.”

“అదొక్కటేనా? విడాకులై మళ్ళీ పెళ్ళాడినవాళ్ళని దూరం పెట్టొద్దంట! ఇన్నాళ్ళూ గురువులు చెప్పిందంతా ఉత్తదేనా?”

“గని విషయంలో పొట్ట అడ్డమొచ్చింది, సరే. మళ్ళీ పెళ్ళాడిన కన్నకూతురి విషయంలో ఏం అడ్డమొచ్చింది?”

ఆయన తలుపుదాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. కుర్చీ జరిపాడు గానీ కూర్చోలేదు.

“అది... పూజకి వస్తోందా అసలు?”

“ప్రతి ఆదివారం వస్తోంది. కొత్త అల్లుడితో గుడి మెట్ల దగ్గరే నిలబడి వెళ్ళిపోతోంది. మీరు ముందు వరసలో ఉంటారుగా, ఎలా కనబడుతుంది?”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తలెత్తేసరికి జపమాల మళ్ళీ ఆయన చేతిలో ఉంది.

“గని సంగతి వదిలేసి, మిగతా కోరికల కోసం చెప్పుకోవచ్చా?”

“చెప్పండి,” అంది ఆమె, పక్కకి జరిగి చోటిస్తూ. “గని సంగతి నేను అడుగుతాలెండి.”